మనోళ్లు నిలవడం లేదు సరే, ఎందుకో వాళ్లను అడిగారా?

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో చిన్న పరిశ్రమలు, వర్క్‌షాపులు, డీలర్‌షిప్‌లు నడిపేవాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే మాట చెప్తున్నారు, మీ పేజీల్లోనూ అదే కనిపిస్తోంది: పనితనం ఉన్న పిల్లలు దొరకడం లేదు, దొరికినా ఏడాది తిరగకముందే బెంగుళూరు బస్సెక్కుతున్నారు. అక్కడ జీతాలు ఎక్కువ, మనం ఏం చేయగలం అని దాన్ని అక్కడితో వదిలేస్తున్నారు. నేను చాలా ఏళ్లుగా డ్రిప్పు పనిలో, అంటే పైపులతో చెట్ల మొదళ్లకు చుక్కచుక్కగా నీళ్లు అందించే బిందు సేద్యం పనిలో ఉన్నాను. ఇప్పుడు సర్వే చేసేవాళ్లు, డిజైన్ గీసేవాళ్లు, పొలంలో పైపులు బిగించే ఫిట్టర్లు కలిసిన ఒక టీమును చూసుకుంటున్నాను. జీతం ఒక కారణమే గానీ, మనం అనుకుంటున్నంత పెద్ద కారణం కాదని ఈ పనిలో ఉండి గట్టిగా చెప్పగలను.

లెక్క చూడండి. బెంగుళూరు ఇక్కడికి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ గది అద్దె, అడ్వాన్సు, తిండి, పండగకో పెళ్లికో వచ్చిపోయే ఖర్చు, ఇంట్లో అమ్మానాన్నలకు పంపేది, ఇవన్నీ తీసేస్తే చాలామందికి చేతిలో మిగిలేది ఇక్కడ మిగిలేదానికంటే గొప్పగా ఏం ఉండదు. ఈ లెక్క ఆ పిల్లలకు తెలియక కాదు. మానేసే ముందు నా పక్కనే కూర్చుని కాగితం మీద వేసుకున్నవాళ్లున్నారు. వేసుకుని, తేడా పెద్దగా లేదని చూసి కూడా వెళ్లారు. ఎందుకన్నా అని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి. "ఇక్కడ నా మాటకు విలువ లేదన్నా." "ఏం చేసినా సార్ మళ్లీ మార్చేస్తాడు." "నలుగురి ముందర తిడతాడన్నా."

మన పిల్లల్లో పనితనం తక్కువ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు 2003లో మొదలైనప్పటి నుంచి ఈ జిల్లాలో ఒక తరం మొత్తం ఈ పనిలోనే ఎదిగింది. బోరులో ఎన్ని ఇంచుల నీళ్లు వస్తున్నాయో చూసి, నేల వాలు చూసి, చీనీ (బత్తాయి) తోటకు సబ్ మెయిన్, అంటే చెట్ల వరసల పైపులకు నీళ్లు పంచే పైపు, ఎటు పోవాలో కాగితం తీయకముందే చెప్పగల ఫిట్టర్లు నార్పల, పుట్లూరు వైపు నాకు తెలుసు. పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి, ఆ ఫ్యాక్టరీలోనూ దాని చుట్టూ వెలిసిన విడిభాగాల కంపెనీల్లోనూ మన పల్లెల పిల్లలు పనిచేస్తున్నారు. నేర్చుకునే తెలివి ఇక్కడ ఉంది. ఆ తెలివిని మనం ఎలా నడుపుతున్నాం అనేదే నా బాధ.

ఒక ఉదాహరణ చెప్తాను. గతంలో నేను పనిచేసిన ఒకచోట డిజైన్ చేసే అబ్బాయి ఉండేవాడు. బాగా చదువుకున్నాడు, పొలానికి పోకుండా, బోరు నీళ్లు కొలవకుండా డిజైన్ ఇచ్చేవాడే కాదు. ఏటవాలు నేలలో ఒక చీనీ తోటకు 63 ఎంఎం సబ్ మెయిన్ వేయాలని రాశాడు. ఖర్చు తగ్గుతుందని పైనున్నాయన ఆ అబ్బాయికి ఒక్క మాటైనా చెప్పకుండా 50 ఎంఎం పైపు పంపించాడు. చూసేవాళ్లకు అది పదమూడు మిల్లీమీటర్ల తేడా. కానీ అవే నీళ్లు సన్న పైపులో పోతే రాపిడి వల్ల తగ్గే ప్రెషరు ఇంచుమించు మూడింతలవుతుంది, పైపు వ్యాసం కాస్త తగ్గినా నష్టం అంత ఎక్కువగా పెరుగుతుంది. అనుకున్నట్టే చివరి వరస చెట్లకు నీళ్లు అందలేదు. రైతు వచ్చి ఆఫీసులో అరిచాడు, ఆయన అరవడంలో తప్పేమీ లేదు. అప్పుడు పైపు మార్చిన మనిషి పక్కకు తప్పుకుని, డిజైన్ గీసిన అబ్బాయిని పిలిచి రైతు ముందరే "ఏం గీశావురా" అన్నాడు. కొన్నాళ్లకే ఆ అబ్బాయి వెళ్లిపోయాడు. ఆఫీసులో అందరూ బెంగుళూరులో జీతం ఎక్కువ కాబట్టి పోయాడనే చెప్పుకున్నారు.

పనితనం ఉన్న మనిషికి ఏం కావాలో స్పష్టంగా చెప్పాలి, ఎలా చేయాలో అతనికి వదలాలి. మా పనిలో అయితే మొదటి డ్రిప్పర్‌కూ చివరి డ్రిప్పర్‌కూ నీళ్ల తేడా పది శాతం దాటకూడదు అనేది మామూలుగా పాటించే లెక్క. ఆ లెక్క, రైతు పెట్టగల డబ్బు, ఏ తేదీకి నీళ్లు పారాలి, ఈ మూడూ ముందే కూర్చుని ఖాయం చేసుకుంటే చాలు, ఇక ఏ పైపు ఎటు పోవాలో అతని ఇష్టం. డబ్బు చాలకపోతే ఆ సంగతి అతనికే చెప్పండి, వాల్వులు పెంచి తోటను భాగాలుగా తడిపే దారి అతనే చూపిస్తాడు. నిన్న చేరిన పిల్లాడికి మొత్తం వదిలేయమని నేను అనడం లేదు, వాడి పక్కన ఒక పెద్ద ఫిట్టరును పెట్టాలి. కానీ పదేళ్లు చేసినవాణ్ణీ నిన్న చేరినవాణ్ణీ ఒకే తీరుగా కాపలా కాస్తే పదేళ్లవాడు ఎందుకుంటాడు?

తిట్ల విషయం ఇంకా ముఖ్యం. మనవైపు గొంతు పెంచితేనే పని జరుగుతుందని చాలామంది నమ్మకం. గొంతు పెంచితే జరిగేది ఏంటంటే, తప్పులు మన దాకా రావు. ఎయిమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికా పరిశోధకురాలు 1990లలో ఆస్పత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను గమనించింది. మంచి టీములు తక్కువ తప్పులు చేస్తాయని అనుకుని మొదలుపెడితే, మంచి టీముల్లోనే ఎక్కువ తప్పులు నమోదై కనిపించాయి. తరచి చూస్తే, అక్కడివాళ్లు జరిగిన పొరపాటును భయపడకుండా బయటికి చెప్తున్నారు, మిగతాచోట్ల దాచేస్తున్నారు. ఇది చదివినప్పుడు మా పొలాలే గుర్తొచ్చాయి. లేటరల్ (చెట్ల వరస వెంట పోయే సన్న పైపు) జాయింటు సరిగ్గా కూర్చోలేదని ఫిట్టరుకు ఆ రోజే తెలుసు. చెప్తే తిడతారని మట్టి కప్పేసి వస్తాడు. మళ్లీ అది మనకు తెలిసేది నడి వేసవిలో, చెట్టు వాడిపోయి రైతు ఫోన్ చేసినప్పుడే. టయోటా ఫ్యాక్టరీల్లో లైను మీద తేడా కనిపిస్తే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి పని ఆపించే హక్కు పెట్టారు. ఆ ధైర్యం మన ఫిట్టరుకు కూడా ఉండాలి. మా టీములో పని ముగిసిన రోజు సాయంత్రం ఎవరి పొరపాటు వాళ్లు చెప్తారు, ఆ పూట ఎవరినీ ఏమీ అనకూడదని గట్టిగా పెట్టుకున్నాం. మొదట్లో ఎవరూ నోరు తెరవలేదు. సీనియర్లు ఒకరిద్దరు తమవి చెప్పాక చిన్నవాళ్లకు ధైర్యం వచ్చింది. గట్టిగా మాట్లాడాల్సిన సందర్భం నిజంగా ఉంటే తలుపు వేసుకుని, ఒక్కణ్ణే కూర్చోబెట్టి మాట్లాడాలి. రైతు ముందు, తోటివాళ్ల ముందు, అన్నిటికంటే ముఖ్యంగా వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ వద్దు.

బాగా చేసేవాడి మీదే పని మీద పని వేయడం ఇంకో జబ్బు. కష్టమైన తోట వస్తే అతనే, తొందరగా కావాలంటే అతనే, ఆదివారం ఫిల్టరు మొరాయిస్తే ఫోన్ అతనికే. పక్కవాడు మెల్లగా చేస్తాడని వాడికి తేలిక పని, జీతం మాత్రం ఇద్దరికీ ఒకటే. కొన్నాళ్లు మంచివాడు కాబట్టి చేస్తాడు, తర్వాత లెక్క వేసుకుంటాడు. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే, పని పంపకం గోడ మీద అందరికీ కనిపించేలా రాసి పెట్టడం. ఎవరి మీద ఎంత పడిందో కనిపిస్తుంటే అన్యాయం ఎక్కువ రోజులు సాగదు.

అలాగే మంచి ఫిట్టరును సూపర్‌వైజరును చేసేయడం. మనిషి పైపు పనిలో దిట్ట, కానీ పదిమందితో పని చేయించడం వేరే విద్య. లారెన్స్ పీటర్ అనే ఆయన 1969లోనే చెప్పాడు, పాత పని బాగా చేశాడని పైకి ఎక్కిస్తూ పోతే చివరికి చేతకాని పని దగ్గర ఆగిపోతాడని. మన దగ్గర జీతం పెరగాలంటే కుర్చీ మారడం తప్ప వేరే దారి పెట్టలేదు, అందుకే ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటారు. ఫిట్టరుగానే ఉండి సూపర్‌వైజరు కంటే ఎక్కువ జీతం తీసుకునే వీలు ఎందుకు ఉండకూడదు? ఉంటే తప్పేంటి?

ఇంకో విషయం రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. పని తెలిసినవాళ్ల నెత్తిన బావమరిదినో, తమ్ముడి కొడుకునో తెచ్చి కూర్చోబెట్టడం. చుట్టాలకు పని ఇవ్వొద్దని అనను, పని నేర్చుకుంటే ఇవ్వండి. ఏమీ తెలియని మనిషి వచ్చి పదేళ్ల ఫిట్టరును "ఒరేయ్" అని పిలిచిన రోజే ఆ ఫిట్టరు మనసులో సంచి సర్దుకుంటాడు. అదే లెక్క ఎంత తెలివైనవాడికైనా వర్తిస్తుంది. ఒకడు గొప్ప పనివాడే, కానీ హెల్పర్లను చులకన చేస్తాడు, తనకు తెలిసింది చెప్పకుండా దాచుకుంటాడు. అతను లేకపోతే పని ఆగుతుందని భయపడి ఊరుకుంటే, మిగతావాళ్లు ఒక్కొక్కరే జారుకుంటారు. పిలిచి చెప్పాలి, కొంత టైము ఇవ్వాలి, మారకపోతే పంపేయాలి. కష్టమే అయినా తప్పదు.

మన జిల్లాలో ఉన్న ఒక సంగతి బెంగుళూరు మేనేజరుకు తెలియదు, మనకు తెలుసు. నా టీములో చాలామందికి ఊళ్లో రెండు మూడు ఎకరాలు ఉన్నాయి. జూన్, జూలైలో మంచి వాన పడితే శెనక్కాయ విత్తుకోవడానికి ఎర్రనేలలో పదును ఉండేది కొద్ది రోజులే, అది దాటితే మళ్లీ వాన కోసం ఎదురుచూడాలి. ఆ రోజుల్లో సెలవు అడిగితే "ఇప్పుడే కావాలా" అని ముఖం మాడ్చేవాళ్లను చూశాను. వాన ఎవరి వీలు చూసి పడుతుంది? మేం వేసవిలోనే ఎవరి పొలం ఎక్కడుందో, ఎవరి ఇంట్లో విత్తడానికి వేరే మనిషి లేడో రాసుకుంటాం. వాన పడగానే వాళ్లు ఫోన్ చేసి చెప్తే చాలు, అడగక్కర్లేదు. పొలం లేనివాళ్లు ఆ రోజులు మోస్తారు, ఉగాదికి, పిల్లల పరీక్షలకు వాళ్లకు అంతకంత సెలవు వస్తుంది. ఇందులో రూపాయి ఖర్చు లేదు. నా టీములో మనుషులు నిలవడానికి ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందంటే నాకు కనిపించడం లేదు.

డబ్బు మాట కూడా సూటిగానే. డ్రిప్పుకు ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ బిల్లులు ఆలస్యమైతే జీతాలు ఆలస్యమవుతాయి, అది మా రంగంలో అందరికీ తెలిసిన కష్టం. అలాంటప్పుడు ఫోన్ ఎత్తకుండా తప్పించుకోకండి. ఇంత రావాల్సి ఉంది, ఫలానా తేదీకి సగం ఇస్తాను, మిగతాది అప్పుడు ఇస్తాను అని అందర్నీ కూర్చోబెట్టి చెప్పండి, చెప్పిన తేదీకి ఇవ్వండి. నెలాఖరుకు ఈఎంఐ ఉన్నవాడికి ముందు ఇవ్వండి. నిజం చెప్తే మనోళ్లు ఓర్చుకుంటారు. సాకులు చెప్పినప్పుడు మాత్రం ఓర్చుకోరు.

నేర్పిస్తే పోతారనే భయం గురించి కూడా అడుగుతుంటారు. పోతారు, కొందరు పోతారు. నేర్పకపోతే పని రానివాళ్లు మన దగ్గర ఉండిపోతారు, అది ఇంకా నష్టం. మా దగ్గర నేర్చుకుని వెళ్లి కళ్యాణదుర్గం వైపు సొంతంగా పెట్టుకున్నవాళ్లు ఇప్పుడు మాకు పని పంపిస్తున్నారు.

సంపాదకులకు నా విన్నపం ఏంటంటే, ఈ విషయం మీద మీరు మళ్లీ రాసేటప్పుడు యజమానుల మాటలతో ఆపేయకండి. ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్లను, బెంగుళూరులో ఉన్నా సరే, ఫోన్ చేసి అడగండి, పేర్లు వేయకుండా వాళ్ల మాటలు అచ్చు వేయండి. జిల్లా పరిశ్రమల కేంద్రంవాళ్లు కొత్త యూనిట్లు పెట్టేవాళ్లకు లోన్ల గురించి, అనుమతుల గురించి చెప్తారు కదా, దాంట్లోనే ఒక పూట మనుషులతో పని ఎలా చేయించాలో కూడా చెప్పించమని మీ తరఫున అడగండి. ఆ పూట మాట్లాడటానికి ఒక ఫిట్టరును పిలవండి, కావాలంటే మా టీములోంచి నేనే పంపిస్తాను.

ఇట్లు,
డ్రిప్పు డిజైన్, ఫిట్టింగ్ టీమును చూసుకునే ఒక పాఠకుడు,
అనంతపురం