పెరట్లో ఓడిన రేంజర్స్

పెరంబూర్, చెన్నై.

ఒరేయ్ సూరిబాబూ,

భీమిలి కుర్రాళ్ళ కోసం సముద్రం ఒడ్డునే ఫుట్‌బాల్ గ్రౌండు చదును చేయిస్తున్నావని నీ ఉత్తరంలో చదివాను. "ఆ గాలికి బంతి ఎక్కడ నిలుస్తుంది, పిచ్చి గాకపోతే" అని ఊళ్ళో పెద్దలు నవ్వుతున్నారట కదా. నవ్వనీరా. వాళ్ళకి ఆర్బ్రోత్ సంగతి చెప్పు.

స్కాట్లండ్ తూర్పు తీరంలో, ఉత్తర సముద్రం అంచున ఉన్న చిన్న రేవు పట్నం అది. మహా అయితే పాతికవేల జనం. అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది 1878లో. 1880 నుంచి గేఫీల్డ్ అనే చోటే ఆట. 1925లో మైదానాన్ని కొద్దిగా పక్కకి జరిపారు, అంతే. గోడకి ఇటు ఆట, అటు సముద్రం. పోటు సమయంలో గాలి కూడా రేగితే తుంపర గోడ దాటి జనం నెత్తిన పడుతుంది. జట్టుని 'రెడ్ లిఖ్టీస్' అని పిలుచుకుంటారు. చేపల పడవలకి దారి చూపడానికి రేవులో వెలిగించే ఎర్రదీపం పేరది.

ఈ క్లబ్బు పేరెత్తితే చాలు, ఎవరైనా చెప్పేది 36-0 గెలుపు. నాకు మాత్రం దానికి కాస్త ముందరి మ్యాచే ముద్దు. 1884-85 స్కాటిష్ కప్పులో గ్లాస్గో నుంచి రేంజర్స్ అనే జట్టు వచ్చి గేఫీల్డ్‌లో 4-3తో ఓడిపోయారు. ఓడినవాళ్ళు ఇంటికి కొట్టిన టెలిగ్రామ్ సారాంశం: పెరట్లో ఓడిపోయాం. టెలిగ్రామ్‌తో ఆగారా? టేపు తెచ్చి కొలిపించారు. వెడల్పు 50 గజాలుండాల్సింది 11 అంగుళాలు తక్కువొచ్చింది! మళ్ళీ ఆడించారు, ఈసారి రేంజర్స్ 8-1తో గెలిచారు. అందుకని సున్నం గీతలు గీయక ముందే నీ గ్రౌండు వెడల్పు కొలుచుకో. ఇప్పటి నిబంధనల్లో కూడా కనీసం 45 మీటర్లు వెడల్పు, 90 మీటర్లు పొడుగు ఉండాలి. పాదాలతో కొలిచి సరిపోయిందనుకోకు. నీ పాదాలు నాకు తెలుసు.

ఇక 36-0. 1885 సెప్టెంబర్ 12న, కప్పు మొదటి రౌండు. ఎదుటి జట్టు అబర్డీన్ నుంచి వచ్చిన బాన్ అకార్డ్. సగం ఆటకి 15-0. జాన్ పెట్రీ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఒక్కడే 13 కొట్టాడు. తొంభై నిమిషాల్లో 36 అంటే రెండున్నర నిమిషాలకొకటి. పైగా అప్పటికి గోల్‌పోస్టులకి వలల్లేవు, గోల్ పడ్డ ప్రతిసారీ బంతి వెంట పరిగెత్తి తెచ్చుకోవాలి. వల ఉంటే ఇంకెన్ని పడేవో. ఆర్బ్రోత్ గోల్‌కీపర్ ఎవరిదో గొడుగు కింద నిలబడి కాలక్షేపం చేశాడని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే రోజు, పక్కనే ఉన్న డండీలో, డండీ హార్ప్ అనే జట్టు 35-0తో గెలిచింది. రిఫరీ పుస్తకంలో 37 ఉంటే, కాదు 35 అని హార్ప్ వాళ్ళే దిద్దించారంటారు. నిజాయితీకి పోయి ప్రపంచ రికార్డు పోగొట్టుకోవడం అంటే అదే! 2002లో మడగాస్కర్‌లో 149-0 నమోదైంది గానీ, అది రిఫరీ మీద కోపంతో ఒక జట్టు తన గోల్‌లోనే తను వేసుకుంటూ పోయిన లెక్క. దాన్ని నేను ఆట అనను.

ఆ తరవాతి చరిత్ర పైకీ కిందికీ, పోటూ పాటూ లాగే నడిచింది. లీగులో చేరింది 1921లో. 1952 ఫిబ్రవరిలో అదే రేంజర్స్ కప్పు మ్యాచికి వస్తే 13,510 మంది చూడ్డానికొచ్చారు. ఆ రికార్డు ఇంకా చెరగలేదు. ఆల్బర్ట్ హెండర్సన్ 1962 నుంచి 1980 దాకా మేనేజరు. ఆయన హయాంలోనే 1974లో రేంజర్స్ సొంత మైదానానికే పోయి 3-2తో గెలిచారు. పెరటి బాకీ అలా తీరింది. 1975లో పై డివిజన్ నుంచి జారారు. మళ్ళీ అంచు దాకా వెళ్ళింది 2021-22లో. పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ప్రాక్టీసు చేసే జట్టు, మేనేజరు డిక్ క్యాంప్‌బెల్ చేతి కింద, రెండో అంచె డివిజన్‌లో పూర్తికాలపు జట్ల మధ్య రెండో స్థానంలో నిలిచింది. కిల్మార్నక్‌కి 67 పాయింట్లు, వీళ్ళకి 65. పై డివిజన్‌లో చోటు కోసం ఆడే ప్లేఆఫ్‌లో, ఇన్వర్నెస్ ఆటగాళ్ళు ఇద్దరు రెడ్ కార్డులతో బయటికి పోయినా వీళ్ళు ఒక్క గోలూ కొట్టలేకపోయారు. చివరికి పెనాల్టీల్లో ఓడారు. 2024లో కిందికి జారారు, మరుసటి ఏడే మూడో అంచె అయిన లీగ్ వన్ గెలిచి తిరిగొచ్చారు.

ఇప్పుడు నీకు పనికొచ్చేది చెప్తాను. గాలిని తిట్టడం మానేసి లెక్క కట్టుకో. బంతి సెకనుకి 20 మీటర్ల వేగంతో పోతుంటే, ఎదురుగాలి 15 ఉంటే, బంతికి తగిలేది 35. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది మూడు రెట్లు. అందుకే కీపర్ ఎత్తుగా తన్నిన గోల్ కిక్ మధ్యలో ఆగి వెనక్కొస్తుంది. కింది భాగాన తన్నితే బంతి వెనక్కి తిరుగుతూ లేస్తుంది, ఎదురుగాలిలో ఇంకా పైకెగిరి గాలిపటమైపోతుంది. మధ్యలో తన్నాలి, మోకాలి ఎత్తు దాటనివ్వకూడదు. గోల్ కిక్ గాలికి తిరిగొచ్చి సొంత గోల్‌లో పడితే గోల్ ఇవ్వరు, ఎదుటివాళ్ళకి కార్నర్. ఈ సంగతి కుర్రాళ్ళకి ముందే చెప్పు, లేకపోతే గొడవలౌతాయి. వెనకగాలి ఉన్నప్పుడు పొడుగ్గా వేయడం కూడా పొరపాటే. బంతి మనవాడు అందుకునేలోపే గీత దాటిపోతుంది.

టాస్ గెలిస్తే ఏ ఎండ్ తీసుకోవాలంటే, మన తీరంలో సముద్రపు గాలి మధ్యాహ్నం ఎక్కి, పొద్దుగూకాక నెమ్మదిస్తుంది. నాలుగున్నరకి మొదలైన మ్యాచిలో గాలి సాయం మొదటి సగంలోనే ఎక్కువ దొరకచ్చు, ముందు తీసుకో. కొత్త పిల్లలకి నేర్పేటప్పుడు పొద్దున్న ఆరింటికే ఆడించు.

గాలి కంటే మొండిది ఉప్పు. తుంపర పడ్డ నేలలో నీళ్ళున్నా వేళ్ళు పీల్చుకోలేవు, గడ్డి దాహంతో చస్తుంది. తుపాను పోయాక మంచినీళ్ళతో తడపాలి, వరదలా ఒక్కసారి కాదు, నేల పీల్చుకునేంత చొప్పున నాలుగు విడతల్లో. ఇసుక నేలైతే ఉప్పు త్వరగా కిందికి దిగుతుంది. బంకమట్టైతే సోడియం దాన్ని బిగదీస్తుంది, జిప్సం చల్లి తడపాలి. అసలు బోరు వేయించే ముందు నీళ్ళు పరీక్ష చేయించు. ఇక్కడ మీంజూరు వైపు భూగర్భంలోకి ఉప్పునీరు ఎంత దూరం చొచ్చుకొచ్చిందో తెలుసుగా. ఆ నీళ్ళు పోస్తే నువ్వే గడ్డిని ఊరబెట్టినట్టు. గడ్డి రకం అడిగావు కదా, సీషోర్ పాస్పాలం ఉప్పుకి ఓర్చుకుంటుంది.

గోల్‌పోస్టులకి జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనప పైపు, వాడు. వెల్డింగు పెట్టిన చోట జింకు కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలౌతుంది. కాబట్టి అతుకుల మీద జింకు పెయింటు రెండు కోట్లు వేయించు, పైపు చివరలు మూయించు, లేకపోతే తుప్పు లోపల్నుంచి తినేస్తుంది. కదిలే పోస్టులైతే వెనక కడ్డీ మీద ఇసుక బస్తాలు లేకుండా ఒక్క పూట కూడా వదలకు. గాలికి పిల్లల మీద పడితే ప్రాణాలకే ముప్పు.

అన్నట్టు ఆర్బ్రోత్‌కి ఫుట్‌బాల్ కంటే పేరు తెచ్చింది చేప. హడ్డాక్ చేపని రాత్రంతా ఉప్పులో ఉంచి, రెండేసి తోకలు కలిపి కట్టి, కర్రకి వేలాడదీసి, గట్టి కట్టెల మంట మీద తడి గోనెపట్టాలు కప్పి పొగబెడతారు. ఇక్కడి కాసిమేడు రేవు ఎండునెత్తళ్ళకి అది సరితూగదనే నా నమ్మకం. మీ అమ్మగారు మాత్రం వినగానే పొయ్యి వెలిగిస్తారు.

గోడ ఎత్తు ఎంత పెడుతున్నావో రాయి. సముద్రం వైపు గీతకీ గోడకీ మధ్య ఎంత జాగా వదిలావో కూడా.

నీ,
వాసు