రాతికి వడ్రంగి పని

ప్రియ మిత్రమా,

సాంచి నుంచి నువ్వు రాసిన ఉత్తరమూ, ఫొటోలూ మొన్న బుధవారం అందాయి. స్తూపం చుట్టూ ఉన్న రాతి దడిని గురించి నువ్వు వేసిన ప్రశ్న నన్ను రెండు రోజుల పాటు వదలలేదు. రాతి స్తంభానికి బెజ్జం తొలిచి, అడ్డకమ్మి కొనను అందులో దూర్చవలసిన అవసరమేమిటి, ఆ రాతిపని వాళ్లకు చేతిలో పని తెలియలేదా అని అడిగావు. తెలియకపోవడం మాట అటుంచు, వాళ్లకు ఒక పని మరీ బాగా తెలుసునని నా నమ్మకం. ఆ పని వడ్రంగం.

ఈ సంగతి నాకు మొదట తట్టింది గుంటుపల్లిలో. కామవరపుకోట దగ్గర కొండలో క్రీస్తుకు పూర్వమే తొలిచిన గుండ్రటి చైత్యగృహం, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరం, ఉంది. లోపల నడుమ స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణకు సన్నటి దారి, అంతే. నిరుటి కార్తీకంలో వెళ్లినప్పుడు పిల్లలు ప్రతిధ్వని వినడానికి కేకలు వేస్తూ ఉంటే, నేను తల పైకెత్తి అలాగే నిలబడిపోయాను. గొడుగు ఊచల్లాగా నడిమి నుంచి వంపు తిరిగి కిందికి దిగుతున్న వాసాలు కనిపించాయి, అన్నీ రాతిలో మలిచినవే. వాటిలో ఒక్క వాసమూ బరువు మోయడం లేదు, ఎందుకంటే పైన ఉన్నది కప్పు కాదు, కొండ. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో తాటాకు చుట్టింట్లో వెల్లకిలా పడుకుంటే కళ్లకు ఎదురుగా ఏది కనిపించేదో, అచ్చంగా అదే అక్కడ రాయై ఉంది. నాకు తెలిసినంతలో చుట్టిల్లు ఇంత చక్కగా మిగిలిన చోటు మరొకటి లేదు. అసలు చుట్టిళ్లు మాత్రం ఒక్కొక్కటే డాబాలైపోతున్నాయి.

ఆ చైత్యం ముఖద్వారం మీద గుర్రపు నాడాను పోలిన కమాను ఉంటుంది చూడు, దాన్నే గవాక్షం అంటారు. ఆ మాటకు ఆవు కన్ను అని అర్థం. కర్రను వంచి కట్టిన కప్పు ముందు భాగం ఎలా కనిపిస్తుందో ఆ కమాను అలాగే ఉంటుంది. కొన్ని వందల ఏళ్ల తర్వాత ఆ ఆకారమే గుప్పెడంతగా చిన్నదై, గుళ్ల చూరుల మీద వరుసగా అలంకారమై కూర్చుంది. మనం మాత్రం ఏ కిటికీనైనా గవాక్షం అనేసి ఊరుకుంటున్నాం.

ఇక నీ సాంచి దడి దగ్గరికి వస్తాను. దాన్ని వేదిక అంటారు. నిలువు రాళ్లు స్తంభాలు, వాటి మధ్య దూర్చిన అడ్డకమ్ములు సూచులు, పైన పరిచిన గుండ్రటి కప్పురాయి ఉష్ణీషం. సూచి అంటే మన సూదే, బెజ్జంలోకి దూరుతుంది కనుక. ఉష్ణీషం అంటే తలపాగా, తల మీద కూర్చుంటుంది కనుక. ఈ పేర్లు పండితులు కూర్చుని పెట్టినవిగా నాకు తోచవు, పనిచేసే చోట ఒకరినొకరు కేక వేసి అందించమని అడిగేటప్పుడు పుట్టిన పేర్లలాగా ఉన్నాయి. నీ మూడో ఫొటోలో ఉష్ణీషపు రెండు ముక్కలు కలిసే చోటును మళ్లీ ఒకసారి చూడు. ఆ అతుకు నిలువుగా లేదు, ఏటవాలుగా ఉంది. రెండు దూలాలను కొసకు కొస అతికేటప్పుడు పట్టు ఎక్కువ ఉంటుందని వడ్రంగి అలా ఏటవాలుగా కోస్తాడు. రాతికి ఆ కోత వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా పలచబడిన అంచు విరిగే ప్రమాదం ఉంది. అయినా అలాగే కోశారు, చేతికి అలవాటైన కోత అది.

సాంచిలో దక్షిణ తోరణం, అంటే దక్షిణపు రాతి ద్వారం, మీద రెండు శాసనాలున్నాయి, నువ్వు చూశావో లేదో. ఒకటి శాతకర్ణి రాజుగారి శిల్పులకు పెద్ద అయిన ఆనందుడి దానం. రెండోది విదిశలోని దంతపు పనివాళ్లు తామే ఆ చెక్కడపు పని చేశామని చెప్పుకున్నది. ఏనుగు దంతం మీద పని చేసిన చేతులు రాతి మీదికి వచ్చాయన్నమాట. ఆ తోరణం మీద బొమ్మలు అంత చిన్నగా, అంత కిక్కిరిసి ఎందుకున్నాయో నాకు ఆ శాసనం చదివాకే బోధపడింది.

అమరావతి వేదిక కూడా స్తంభాలు, సూచులు, ఉష్ణీషాల కూర్పే, కాకపోతే అక్కడ సూచుల మీద విరిసిన పద్మాలు పరుచుకున్నాయి. ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ 1797లో చూసిన ఆ దీపాలదిన్నె (అమరావతి స్తూపపు దిబ్బను అలా పిలిచేవారు) రాళ్లలో ఎన్నో సున్నపుబట్టీల పాలయ్యాయి. మిగిలినవాటిలో చాలావాటిని చూడాలంటే చెన్నైకీ లండన్‌కూ పోవాలి. దాని గురించి మొదలుపెడితే ఈ ఉత్తరం తెమలదు.

ఇదంతా మన దేశపు విచిత్రమే అనుకునేవాణ్ణి, సక్కారా గురించి చదివేదాకా. ఈజిప్టులో తొలినాటి పెద్దల సమాధులు మట్టి ఇటుకలతో, వాలు గోడలతో, చదునైన పైభాగంతో ఉండేవి. వాటిని మస్తబా అంటారు. అది అరబ్బీ మాట, అర్థం మన వీధి అరుగు. క్రీస్తుకు పూర్వం 27వ శతాబ్దంలో జోసెర్ రాజు కోసం ఇమ్హోటెప్ అనే వాస్తుశిల్పి మొదట అలాంటి అరుగునే రాతితో కట్టించి, దాన్ని పెంచుతూ పోగా చివరికి ఆరు మెట్లతో, సుమారు 62 మీటర్ల ఎత్తున మెట్ల పిరమిడ్ నిలిచింది. నాకు ఆ పిరమిడ్ కంటే దాని ఆవరణలోకి వెళ్లే వసారా మీదనే మనసు పోయింది. అక్కడి స్తంభాలు రెల్లు మోపుల్లాగా గీతలు పడి ఉంటాయి. పైన రాతి కప్పును దుంగలు పేర్చినట్టు గుండ్రంగా చెక్కారు. ఎన్నడూ మూసుకోని రాతి తలుపులు తెరిచినట్టే నిలిచి ఉన్నాయి. వాడిన రాళ్లు కూడా ఇటుకల్లాగా చిన్నవి, పెద్ద బండను నమ్మే ధైర్యం ఇంకా రాలేదు కాబోలు. ఆ స్తంభాలను కూడా విడిగా నిలబెట్టలేదు, పక్క గోడలకు ఆనించారు.

గ్రీసులో జరిగిన మార్పు ఇంకా నెమ్మదిగా జరిగింది. ఒలింపియాలోని హేరా దేవత గుడికి మొదట కర్ర స్తంభాలుండేవి, పాడైన స్తంభం స్థానంలో రాతి స్తంభం పెడుతూ వచ్చారు. అందుకే అవి ఒకదానికొకటి పోలవు, ఏ కాలంలో మారితే ఆ కాలపు తీరు. క్రీస్తు శకం 2వ శతాబ్దంలో పౌసానియస్ అనే యాత్రికుడు వెళ్లేసరికి, కట్టి ఏడు వందల ఏళ్లు దాటినా, వెనుక గదిలో ఓక్ కర్ర స్తంభం ఒకటి ఇంకా నిలిచే ఉంది. డోరిక్ అనే పాత గ్రీకు తీరు గుళ్లలో రాతి దూలం పై అంచున వరుసగా వేలాడే రాతి బొడిపెలు కర్ర మేకులకు గుర్తులేనని చాలామంది అంటారు, నాకూ నమ్మబుద్ధి అవుతుంది.

ఊహ చాలక పాతదాన్ని అనుకరించారని నువ్వు రాసిన మాటకు మాత్రం నేను ఒప్పుకోను. దేవుడి ఇల్లు ఇలా ఉంటుందని జనం కళ్లకు అలవాటైన తర్వాత, సామగ్రి మారినంత మాత్రాన ఇంటి పోలిక మారిస్తే ఎవరు దండం పెడతారు? పైగా కొత్త సామగ్రి ఎంత మోస్తుందో, ఎక్కడ పగులుతుందో చేతికి తెలియడానికి కొన్ని తరాలు పడుతుంది. అందాకా తెలిసిన కొలతలతోనే పని నడుస్తుంది.

ఒక చిన్న కోరిక. నీ ఫొటోలలో వేదిక అంతా దూరం నుంచే ఉంది. విరిగిన సూచి కొన గానీ, ఖాళీగా ఉన్న బెజ్జం గానీ దగ్గరగా తీసినది ఉంటే పంపించు. సూచి గుండ్రంగా ఉండదు, రెండు వైపులా ఉబ్బి అంచుల వద్ద సన్నబడుతుంది. ఆ ఆకారానికి తగ్గట్టు బెజ్జాన్ని ఎంత నికరంగా తొలిచారో చూడాలని ఉంది. మా వీధి వడ్రంగి మేస్త్రికి కూడా చూపిస్తానని మాట ఇచ్చాను.

నీ
మిత్రుడు