రాజముద్ర, అచ్చాపీసు కత్తెర

ప్రియ మిత్రమా,

రాజుల కాలంలో నచ్చని రాతను తగలబెట్టి, రాసినవాడిని చెరసాలలో వేసేవారని, నిషేధమంటే అంతేనని నీ ఉత్తరంలో రాశావు. అంతటితో ఆగలేదని నా నమ్మకం. పదిహేనవ లూయీ పాలించిన ఫ్రాన్సులో దిదెరో, దాలంబేర్ అనే ఇద్దరు రచయితలు సంపాదకులుగా వెలువరించిన విజ్ఞాన సర్వస్వం కథ చదివినప్పటి నుంచి ఆ విషయం నన్ను వదలడం లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ రాజ్యంలో ఏ పుస్తకమైనా అచ్చుకు వెళ్లే ముందు దాని రాతప్రతి రాజు నియమించిన పరిశీలకుడి చేతికి వెళ్లాలి. ఆయన ఆమోదిస్తే రాజముద్రతో అనుమతి వస్తుంది. మరొకరెవరూ ఆ పుస్తకాన్ని అచ్చు వేయకుండా ప్రచురణకర్తకు రక్షణ ఇచ్చేది కూడా ఆ అనుమతే. అంటే రాజుకు విధేయంగా ఉండటంలోనే వ్యాపారికి లాభం కూడా ఉండేటట్లు ఏర్పాటు చేశారన్నమాట. ముద్ర వేయడానికి మనసొప్పని పుస్తకాలను చూసీ చూడనట్లు వదిలేసే మౌన అనుమతి ఒకటి ఉండేది. అలాంటి వాటి మీద తరచుగా ఏదో విదేశీ నగరం పేరు అచ్చయ్యేది.

దిదెరోకు చెరసాల కొత్త కాదు. 1749లో ఒక తాత్త్విక రచన కారణంగా వాన్సేన్ కోటలో సుమారు మూడు నెలలు బందీగా ఉన్నాడు. అయినా 1751లో వెలువడిన మొదటి సంపుటంలోనే రాజకీయాధికారం గురించి రాస్తూ, ఇతరులను శాసించే హక్కును ప్రకృతి ఏ మనిషికీ ఇవ్వలేదని, రాజు అధికారం ప్రజల నుంచే వచ్చిందని అన్నాడు. దైవదత్తమైన అధికారంతో ఏలుతున్నానని చెప్పుకునే రాజు ముద్రతోనే ఆ వాక్యాలు వెలువడ్డాయంటే, ఆ ధైర్యానికి నేను ఇప్పటికీ నమస్కరిస్తాను. మరుసటి సంవత్సరమే రాజమండలి మొదటి రెండు సంపుటాలనూ నిషేధించింది.

ఇక్కడ ఒక విచిత్రమైన మనిషి కనిపిస్తాడు. పుస్తకాల మీద నిఘాకు అధిపతి అయిన మాల్జెర్బ్. సోదాలు జరగబోతున్నాయని ఆయనే దిదెరోకు ముందుగా కబురు చేశాడని, కాగితాలు దాచడానికి వేళ లేదంటే "మా ఇంటికి పంపండి, అక్కడ ఎవరూ వెతకరు" అన్నాడని దిదెరో కూతురు తన జ్ఞాపకాల్లో రాసింది. ఆ మాల్జెర్బ్ తండ్రే ఆ రాజ్యపు ఛాన్సలర్, అంటే రాజు కింద న్యాయవ్యవస్థకు అధిపతి! ఇలాంటి సజ్జనుడు ఉన్నంత మాత్రాన ఆ వ్యవస్థ మంచిదైపోదు. ఒక పుస్తకం బతుకు ఒక అధికారి మంచితనం మీద ఆధారపడవలసి రావడమే అసలు అన్యాయం.

1757 జనవరిలో దామియేన్ అనేవాడు రాజును కత్తితో పొడిచాడు. రాజు బతికాడు కాని, దర్బారు బెదిరిపోయింది. రాజాధికారాన్ని కించపరిచే రచనలు చేసినవారికీ, అచ్చు వేసినవారికీ, అమ్మినవారికీ మరణదండన అని ఏప్రిల్‌లో శాసనం వచ్చింది. 1758లో దాలంబేర్ తప్పుకున్నాడు. 1759 మార్చిలో విజ్ఞాన సర్వస్వానికి ఉన్న అనుమతినే రద్దు చేశారు. అప్పటికి ఏడు సంపుటాలు వచ్చాయి. చందాదారులకు తలా 72 లీవర్లు (ఆనాటి ఫ్రెంచి నాణేలు) తిరిగి ఇమ్మన్నారు. అదే సంవత్సరం బొమ్మల సంపుటాల పేరుతో కొత్త అనుమతి దొరికింది. దాని చాటున దిదెరో, అలుపెరుగని సహరచయిత జొకూర్‌తో కలిసి మిగిలిన పది సంపుటాలనూ రహస్యంగా సిద్ధం చేశాడు.

నా మనసును కలచివేసింది ఆ తరువాత జరిగింది. 1764లో ఏదో అవసరమై దిదెరో తన వ్యాసం ఒకటి తిరగేస్తే, అది తాను రాసినట్లు లేదు. తాను దిద్ది, అచ్చు వేయవచ్చని సంతకం చేసి పంపిన ప్రూఫులను ప్రచురణకర్త లె బ్రెటన్ తన అచ్చాపీసులోనే రహస్యంగా కోసేశాడు. రాతప్రతులను తగలబెట్టించాడు. రాజు ఆజ్ఞ లేదు, పరిశీలకుడు లేడు, పోలీసు లేడు. బాస్టీల్ జైలంటే భయం ఉంది, పెట్టుబడి పోతుందన్న దిగులు ఉంది. దిదెరో అతనికి రాసిన ఉత్తరంలో ఎంత కోపం ఉందో అంత దుఃఖం ఉంది. ఇరవై ఏళ్ల శ్రమను పక్కనున్నవాడే చీకట్లో కోస్తే ఎవరికి చెప్పుకుంటాడు? బయటపెడితే ఆ పది సంపుటాలూ వెలుగు చూడవు. అందుకే నోరు మూసుకుని పని పూర్తి చేశాడు. 1765 చివరికి ఆ సంపుటాలు ఫ్రాన్సు బయటి నషతెల్ నగరంలో అచ్చయినట్లు దొంగ పేరుతో సిద్ధమయ్యాయి.

మిత్రమా, ఆ కాలపు తగలబడిన పుస్తకాల జాబితా ఎంతో కొంత మనకు దొరుకుతుంది, ఎందుకంటే తగలబెట్టినవాళ్లు ఆజ్ఞలు రాసి పెట్టారు. భయంతో కోసిన వాక్యాలకు అలాంటి ఆజ్ఞలు ఉండవు. లె బ్రెటన్ మార్చిన పుటల ప్రూఫులు కొన్ని ఒక విడి సంపుటంగా ఎలాగో మిగిలిపోయి, 1947లో ఇద్దరు పండితుల చేత ప్రచురణ పొందాయి కనుక మనకు ఆ మాత్రమైనా తెలిసింది.

ఇంత జాగ్రత్తపడిన లె బ్రెటన్‌ను కూడా 1766లో సంపుటాలను రాజు నివాసమైన వెర్సాయ్‌లో పంచినందుకు సుమారు వారం రోజులు బాస్టీల్‌లోనే ఉంచారు. మాల్జెర్బ్ చివరి రోజుల కథ ఇంకా పెద్దది, దాన్ని వచ్చే ఉత్తరంలో రాస్తాను. మన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి విజ్ఞాన సర్వస్వం సంపుటాలు నీ దగ్గర ఉన్నాయన్నావు కదా, వాటిలో రాజ్యాధికారం గురించి ఏమైనా ఉంటే చూసి నాకు రాయి.

నీ మిత్రుడు