‘మత్తు పదార్థాలు లేవు’ అని రాసిచ్చిన కాగితం: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. నేను హనుమకొండలో ఉంటున్న ఫార్మకాలజీ అధ్యాపకుణ్ణి. ఉద్యోగ విరమణ చేసి ఆరేళ్లయింది. పాఠం చెప్పే అలవాటును మాత్రం ఇంకా విరమించలేదు. ‘సింథటిక్ గంజాయి’ అనే మత్తు రసాయనాల గురించీ, వాటిని మన గంజాయి పరీక్ష పట్టలేకపోవడం గురించీ రాస్తున్న ఈ లేఖ అక్కడక్కడా పాఠంలా సాగితే మన్నించండి.

గత వర్షాకాలంలో మా వీధిలోని ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకువెళ్లారు. వాళ్ల నాన్న పిలిస్తే నేనూ వెళ్లాను. అబ్బాయికి అప్పటికే ఒకసారి మూర్ఛ వచ్చిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలకడం లేదు. ‘గంజాయి లాంటిదే సార్, కొంచెం బలమైనది’ అన్నారు స్నేహితులు. మూత్రంలో గంజాయి పరీక్ష పట్టీ ముంచారు. రెండు గీతలు వచ్చాయి. అంటే లేదని అర్థం. అచ్చువేసిన కాగితం మీద ‘మత్తు పదార్థాలు లేవు’ అన్న వరుసకు టిక్కు పెట్టి ఇచ్చారు. తండ్రి ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నారు. మిగిలిన మూత్రాన్ని తెల్లవారేసరికి పారబోశారు.

మూడు వారాలకు అదే పిల్లవాణ్ణి మళ్లీ తీసుకురావలసి వచ్చింది. ఈసారి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. డయాలసిస్ చేశారు. బతికాడు, ఏడాది చదువు పోయింది. రెండుసార్లూ అతను పీల్చినది ఏమిటో తేల్చే అవకాశం ఎవరికీ మిగల్లేదు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న యువ డాక్టరును నేను తప్పుపట్టను. నేను అనుమానిస్తున్న కృత్రిమ రసాయనాలను ఆ పట్టీ ఏ ఆసుపత్రిలో ముంచినా పట్టజాలదు.

‘సింథటిక్ గంజాయి’ అన్న పేరే సగం నష్టం చేస్తోంది. చాలాసార్లు అందులో గంజాయే ఉండదు. ఏదో ఎండుటాకు మీద ప్రయోగశాలలో చేసిన రసాయనాన్ని అసిటోన్‌లో కరిగించి చల్లుతారు. చల్లడం సమంగా కుదరదు కాబట్టి ఒకే పొట్లంలో ఒక చిటికెడు చప్పగా ఉంటే, పక్క చిటికెడు ప్రాణం మీదికి తెస్తుంది. ఈ-సిగరెట్ ద్రవంలోనూ కలుపుతారు. మన దేశం ఈ-సిగరెట్లను 2019లోనే నిషేధించింది, సంతోషమే. కానీ బ్రిటన్‌లో బడిపిల్లల దగ్గర స్వాధీనం చేసుకున్న వేప్‌లను బాత్ విశ్వవిద్యాలయం వారు పరీక్షిస్తే, సుమారు ఆరింట ఒకదానిలో ఈ రసాయనాలు ఉన్నట్టు 2024లో తేలింది.

కాకతీయుల గొలుసుకట్టు చెరువుల నేల మనది కనుక, లోపల జరిగేదాన్ని ఆ భాషలోనే చెబుతాను. తూము దగ్గర నీరటి ఉంటాడు. దిగువ పొలం నిండగానే ‘ఇక చాలు’ అని పైకి కబురు వెళ్తుంది, అతను తూము తగ్గిస్తాడు. మెదడులోనూ సంకేతం అందుకునే నాడీకణం, తనకు ఎక్కువైనప్పుడు, పంపిన కణానికి వెనక్కి కబురు పెడుతుంది. ఆ కబురు మోసే రసాయనాల్లో ఒకదాన్ని 1992లో జెరూసలేంలో రాఫెల్ మెషూలం బృందం కనుక్కొని, మన ‘ఆనందం’ నుంచే ఆనందమైడ్ అని పేరు పెట్టింది. ఆ కబురు వినే చెవి సీబీ1 గ్రాహకం. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే రసాయనం ఆ చెవిలో అబద్ధపు కబురు ఊదుతుంది. కానీ దాని గొంతు చిన్నది, ఎంత అరిచినా తూము కొంతవరకే దిగుతుంది. కృత్రిమ రసాయనాల్లో చాలావాటికి ఆ హద్దు లేదు. అవి తూమును అడుగంటా మూయించగలవు. మెదడును ఉరికించే సంకేతాలూ, దాన్ని అదుపులో ఉంచే సంకేతాలూ ఈ నీరటి చేతిలోవే. అందుకే ఒకరు శిలలా ఉండిపోతే ఇంకొకరికి మూర్ఛ వస్తుంది.

వీటిలో పేరుమోసిన జేడబ్ల్యూహెచ్-018 అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఆ గ్రాహకాలను అర్థం చేసుకోవడానికి జాన్ డబ్ల్యూ. హఫ్‌మన్ బృందం చేసిన వందల రసాయనాల్లో అదొకటి. 2008లో అది జర్మనీలో ‘స్పైస్’ పేరుతో అమ్ముతున్న ధూపపు పొట్లాల్లో బయటపడింది. మా పరిశోధన పత్రాలను మా విద్యార్థుల కంటే శ్రద్ధగా చదివేవాళ్లు ఉన్నారని మాకు అప్పుడే తెలిసింది.

పట్టీ వెతికేది టీహెచ్‌సీ శరీరంలో విరిగాక మిగిలే పదార్థపు ఆకారాన్ని. ఈ కృత్రిమ రసాయనాల ఆకారం వేరు. చట్టం ఒకదాన్ని నిషేధిస్తే రెండు పరమాణువులు మార్చి ఇంకొకటి తెస్తారు. చైనా 2021లో ఈ కుటుంబం మొత్తాన్నీ ఒకేసారి నియంత్రణలోకి తెచ్చింది. మన దగ్గర అది ఢిల్లీ చేతిలోని పని కాబట్టి మిమ్మల్ని అడగను.

మీ చేతిలో ఉన్నది అడుగుతాను. 2016 జూలైలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 33 మంది ఒకే రోజు వీధిలో మరబొమ్మల్లా తూలుతూ కనిపించారు. వారిలో ఎనిమిది మంది నమూనాలనూ, ఒక పొట్లాన్నీ దాచి, దేశం అవతలి అంచున ఉన్న ప్రయోగశాలకు పంపారు కాబట్టే వాళ్లు పీల్చిన కృత్రిమ రసాయనం పేరు ఏఎంబీ-ఫుబినాకా అని తేలింది. 2018లో అదే దేశంలోని ఇలినాయి రాష్ట్రంలో ఇలాంటి పొట్లాల్లో ఎలుకల మందు కలిసి 150 మందికి పైగా రక్తస్రావంతో చేరారు. ఏం కలిసిందో తెలిశాక విటమిన్-కెతో చికిత్స చేశారు. ఈ మత్తుకు నేరుగా విరుగుడు లేదు, మూర్ఛను ఆపడం, గుండెనూ మూత్రపిండాలనూ కనిపెట్టుకుని ఉండటమే చికిత్స. అందుకే ఏం పీల్చారో తెలియడం అంత ముఖ్యం.

ఆదిలాబాద్ నుంచి భూపాలపల్లి దాకా ఏ ఆసుపత్రి పంపినా పరీక్షించేలా, అణువులను వాటి బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న విషపరీక్షా కేంద్రం వరంగల్‌లో కావాలి. 1959 నాటి కాకతీయ వైద్య కళాశాల ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ కళాశాల ఉంది, ఎన్ఐటీ ఉంది. చదువుకున్నవాళ్లకు కొరత లేదు. అది వచ్చేలోగా, కారణం తెలియని మూర్ఛతో వచ్చిన యువకుల రక్తం, మూత్రం కొంత ఫ్రీజర్‌లో దాచమని ఆదేశించండి. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరుడికి 1985 నాటి మత్తుమందుల చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తోందనీ, 14446 సహాయవాణి ఉందనీ అత్యవసర విభాగం గోడ మీద తెలుగులో రాయించండి. పోలీసు భయంతో పొట్లాన్ని కాలువలో పారేసిన స్నేహితులను నేను ఆ రాత్రి కళ్లారా చూశాను.

డబ్బు అక్కర్లేని పని ఇంకొకటి ఉంది. గంజాయి పట్టీ ఒక్కటే ముంచినప్పుడు కాగితం మీద ‘మత్తు పదార్థాలు లేవు’ అని ఉండకూడదు. ‘ఈ పరీక్షలో గంజాయి ఆనవాలు కనిపించలేదు. కృత్రిమ మత్తు రసాయనాలను ఈ పరీక్షతో గుర్తించడం సాధ్యం కాదు’ అని అచ్చువేయించండి. ఒక్క ఉత్తర్వు చాలు, ఈ నెలలోనే అయిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మకాలజీ అధ్యాపకుడు,
హనుమకొండ