క్యాన్సర్ రోగి వెన్నునొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

క్యాన్సర్ ఉన్నవారికి కొత్తగా వెన్నునొప్పి వస్తే నొప్పి మాత్రలతో సరిపెట్టడం ఎంత ప్రమాదమో రోగుల కుటుంబాలకు ముందుగా చెప్పేవారు తక్కువ. రొమ్ము, ఊపిరితిత్తి, ప్రోస్టేట్ క్యాన్సర్లు తరచుగా వెన్నుపూసలకు పాకుతాయి. అక్కడ పెరిగిన కణితి వెన్నుపామును నొక్కుతున్నప్పుడు, కాళ్లు బలహీనపడడానికి ఎన్నో రోజుల ముందే, ఒక్కోసారి వారాల ముందే, పడుకున్నా దగ్గినా ఎక్కువయ్యే నొప్పి మొదలవుతుంది. మూత్రం రాకుండా ఆగిపోవడం చాలా వరకు ఆలస్యంగా కనిపించే లక్షణం, కాబట్టి దాని కోసం ఎదురుచూడకూడదు.

కాళ్లలో తిమ్మిరి గానీ, నడకలో తడబాటు గానీ తోడైతే 24 గంటల్లోగా వెన్నెముక మొత్తానికి ఎంఆర్ఐ తీయించాలి. నడుము ఎక్స్‌రే మామూలుగా ఉందని తిప్పి పంపడం, నా దృష్టిలో, క్షమించరాని అలసత్వం. వాపు తగ్గించడానికి డెక్సామెథసోన్ ఇచ్చి, ఆ వెంటనే రేడియేషనా, శస్త్రచికిత్సా అన్నది వెన్నెముక స్థిరత్వాన్నీ రోగి ఆరోగ్యాన్నీ చూసి నిర్ణయిస్తారు. ఎంపిక చేసిన రోగుల్లో శస్త్రచికిత్స చేసి రేడియేషన్ ఇస్తే, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినప్పటికంటే ఎక్కువమంది నడవగలిగారని 2005లో వెలువడిన అధ్యయనం తేల్చింది. చికిత్స మొదలయ్యేనాటికి నడుస్తున్నవారిలో అత్యధికులు ఆ తర్వాతా నడుస్తారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక వచ్చినవారిలో మళ్లీ లేచేవారు కొద్దిమందే. ఈ లక్షణాలనూ, అత్యవసరంగా సంప్రదించాల్సిన ఫోన్ నంబరునూ ప్రతి క్యాన్సర్ రోగికీ ఆస్పత్రులు రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు