డాలర్ బిళ్ళ మీద ఉన్నాయన

కాజీపేట,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

ప్రభువు కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. దొడ్లో ఉసిరి ఈసారి విరగకాసింది. విమలత్త వచ్చి సంచి నిండా కోసుకెళ్ళింది. నీకు పచ్చడి పంపాలని మీ అమ్మ జాడీ కడిగి ఎండబెట్టింది గానీ, పాత అడ్రస్సేనా, ఇల్లు మారిందా అని నన్నడుగుతోంది. నేనేం చెప్పను? నువ్వు ఫోన్ చేసి ఇరవై మూడు రోజులైంది.

పెద్ద విషయమేమీ లేదు, ఊరికే రాస్తున్నాను. పోయిన క్రిస్మస్‌కి నువ్వు తెచ్చిన డాలర్ బిళ్ళ నా కళ్ళజోడు డబ్బాలోనే ఉంది. దాని మీద పియానో ముందు కూర్చున్న ఆస్కార్ పీటర్సన్, కెనడా జాజ్ పియానో విద్వాంసుడు. అప్పుడు నువ్వు చెబుతుంటే సరిగ్గా వినలేదు. ఈ మధ్య రాత్రుళ్ళు నిద్ర పట్టక, పక్కింటి అబ్బాయి చేత ఫోన్‌లో వెతికించుకుని చదివాను. 1925 ఆగస్టు 15న మీ మాంట్రియల్‌లోనే పుట్టాడు. వాళ్ళ నాన్న డేనియల్ రైల్వే మనిషట! కెనడియన్ పసిఫిక్‌లో స్లీపర్ కోచ్ పోర్టర్. బెర్తులు పరవాలి, ప్రయాణికుల బూట్లు తుడవాలి. నల్లజాతి వాళ్ళకి ఆ రోజుల్లో రైల్వేలో దొరికేది దాదాపు ఆ పని ఒక్కటే. సొంత పేరు ఏదైనా పోర్టర్లందర్నీ 'జార్జ్' అని పిలిచేవారట. నేను ముప్పై నాలుగేళ్ళు గూడ్స్ గార్డుగా తిరిగాను, తిట్టినవాళ్ళు కూడా నన్ను నా పేరుతోనే తిట్టారు.

ఆ డేనియల్ బండెక్కే ముందు తన ఐదుగురు పిల్లలకీ పాఠం అప్పజెప్పి వెళ్ళేవాడట. తిరిగొచ్చేసరికి వాయించి చూపించాలి. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. రాత్రంతా లూప్ లైన్లో సిగ్నల్ కోసం పడి ఉండి తెల్లారి ఇంటికొస్తే, నువ్వు మీ అమ్మ పాత వాయిల్ చీర పక్కకి తీసి క్యాసియో మీద కీర్తన వాయిస్తుండేదానివి. ఒక మెట్టు నొక్కితే మళ్ళీ లేచేది కాదు. దాన్ని ఎడమ చేతి గోటితో లేపుకుంటూ, పాట ఆపకుండా వాయించేదానివి. నేను బ్యాగు భుజం మీంచి దింపకుండా గుమ్మంలోనే నిలబడేవాణ్ణి.

మొన్న చర్చి అయ్యాక స్టీవెన్ వాళ్ళమ్మ అందరి ముందూ అడిగింది, "మీ అమ్మాయి ఉద్యోగం మానేసిందట గదా, రాత్రుళ్ళు ఏదో హోటల్లో పియానో వాయిస్తోందట గదా" అని. "నాకు తెలుసులెండి" అన్నాను. పాస్టరు గారు పక్కనే ఉన్నారు. దేవుని మందిరం వాకిట్లో అబద్ధమాడాను. సరే, అది వదిలెయ్.

పీటర్సన్ సంగతి చెబుతున్నాను కదా. చిన్నప్పుడు బాకా కూడా ఊదేవాడు. క్షయ వచ్చి అది మానేసి పియానోకే అంకితమయ్యాడు. అన్న ఫ్రెడ్‌ని ఆ జబ్బే తీసుకుపోయింది. (పోయినసారి ఫోన్లో నువ్వు దగ్గావు. తగ్గిందా? డాక్టరుకి చూపించుకున్నావా?) అక్క డైసీ నేర్పింది, తర్వాత పాల్ డి మార్కీ అనే హంగేరీ గురువు దొరికాడు. కుర్రాడి చెయ్యి తిరిగింది, దాంతోపాటు గర్వమూ వచ్చింది. అప్పుడు తండ్రి ఒక రికార్డు తెచ్చి పెట్టాడు. అమెరికా జాజ్ పియానో విద్వాంసుడు ఆర్ట్ టేటమ్ వాయించిన 'టైగర్ రాగ్'. ఈ అబ్బాయి విని, ఇద్దరు కలిసి వాయిస్తున్నారనుకున్నాడు. కాదు, ఒక్కడే, అదీ చూపు సరిగ్గా లేని మనిషి అని తెలిశాక వారాల తరబడి పియానో ముట్టలేదు. రాత్రుళ్ళు ఏడ్చేవాడట. పెద్దయ్యాక టేటమ్‌తో స్నేహం కుదిరినా, ఆయన ఎదుట వాయించాలంటే భయమే. ఆ తండ్రి చేసింది తప్పని నేననను. కానీ పిల్లాడు ఏడుస్తుంటే పక్క గదిలో ఆయనకి మాత్రం నిద్ర పట్టి ఉంటుందా?

పదిహేడేళ్ళకి బడి మానేస్తానన్నాడు. తండ్రి ముందు నిలబడి అడిగాడు. ఇదే నేను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను, అమ్మలూ. ఊరికే జాజ్ వాయించేవాడివి అవుతానంటే ఒప్పుకోను, అందరికన్నా మేటివి అవుతానంటేనే వెళ్ళు అన్నాడట ఆ తండ్రి. వద్దనలేదు. అడిగితే కదా ఎవరైనా ఒప్పుకునేది!

1949లో, జాజ్ కచేరీలు ఏర్పాటు చేసే నార్మన్ గ్రాంజ్ టాక్సీలో పోతూ రేడియోలో పీటర్సన్ వాయించేది విన్నాడు. ఆ ఏడాదే న్యూయార్క్ కార్నెగీ హాల్లో కచేరీ. వర్క్ పర్మిట్ లేక, ప్రేక్షకుల్లో కూర్చోబెట్టి అక్కణ్ణుంచి వేదిక మీదికి పిలిచారట. మరి నీ పర్మిట్ సంగతేంటి? ఉద్యోగం మానితే అది నిలుస్తుందా? బ్యాంకు లోను ఇంకా మూడేళ్ళుంది. నేను తీరుస్తాను, దాని గురించి టెన్షన్ పడకు, కానీ తీర్చేవాడికి తెలియాలి కదా. సంగీతం అన్నం పెట్టదని నేననను. పగలు ఏదో ఒక పని ఉంచుకో అంటాను. అద్దె, ఇన్సూరెన్స్ లెక్కలన్నీ కాగితం మీద రాసుకో. చూశావా, ఉపన్యాసం ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చేశాను.

పీటర్సన్ కట్టిన 'హిమ్ టు ఫ్రీడమ్' విన్నాను. 1962లో రే బ్రౌన్ బేస్, ఎడ్ థిగ్‌పెన్ డ్రమ్స్ వాయిస్తే రికార్డు చేశారట. మన చర్చిలో కీర్తన ఎత్తుకున్నట్టే నెమ్మదిగా మొదలైంది. మీ అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఇది మన అమ్మలు వాయించిందా అని అడిగింది. పీటర్సన్ వాళ్ళు వెళ్ళే మాంట్రియల్ యూనియన్ యునైటెడ్ చర్చి రైల్వే పోర్టర్లు కట్టుకున్నదేనట. నువ్వు ఒకసారి వెళ్ళి రా.

1993లో పక్షవాతం వచ్చి ఆయనకి ఎడమ చెయ్యి స్వాధీనం తప్పింది. దాదాపు రెండేళ్ళు పట్టినా మళ్ళీ వేదిక ఎక్కాడు. వేళ్ళు జాగ్రత్త. వేళ్ళ చివర్లు లేని ఆ గ్లౌజులు అవతల పారేసి ఉన్నివి కొనుక్కో, డబ్బు వేస్తున్నాను. రాత్రి ఆలస్యమైతే మెట్రో ఎక్కకుండా టాక్సీలో రా. ఏదైనా తినే బయల్దేరు.

ఫోన్ తలగడ దగ్గరే పెట్టుకుంటున్నాను, ఏ టైమైనా పరవాలేదు. కొత్త అడ్రస్ ఉంటే చెప్పు, జాడీ అట్టపెట్టెలో పెట్టేసి ఉంచాం. ఆ హోటల్లో ఏం వాయిస్తున్నావో కూడా చెప్పు.

మీ డాడీ