కాయలు గట్టున పారబోసి మా నాన్నగారిని ఎక్కించుకున్న అబ్బాయికి

అందరికీ నమస్కారం. నాన్నగారి పెద్ద కార్యం నిన్న ముగిసింది. ఫోన్లు చేసినవారికి, ఇంటికి వచ్చినవారికి పేరుపేరునా జవాబు చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. సరిగా నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి.

నాన్నగారు మీలో చాలామందికి తెలుసు. నీటిపారుదల శాఖలో కాలువ నీళ్లు చూసుకునే లస్కరుగా కాలువ గట్ల మీద సైకిలు తొక్కి తొక్కి రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా సైకిలు దిగలేదు. తలసీమియా అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. రక్తం ఉచితంగా దొరికినా, లంక ఊళ్ల నుంచి పట్నానికి తల్లీబిడ్డల రానుపోను ఖర్చులు, ఆ రోజు పోయిన కూలి ఎవరిస్తారని ఆయన అడిగేవారు. అందుకే ఏటా సంక్రాంతి వెళ్లాక ధవళేశ్వరంలో కాటన్ దొర విగ్రహానికి దండం పెట్టుకుని బయల్దేరేవారు. బ్యారేజీ దాటి, బొబ్బర్లంక, ఆత్రేయపురం, రావులపాలెం మీదుగా గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది దాకా. కిలోమీటరుకు రూపాయి చొప్పున ఇవ్వండి చాలు అనేవారు. ఇచ్చినవారికి రసీదు తీసుకోక తప్పేది కాదు, వద్దన్నా వినేవారు కాదు. దారిలో రాత్రి ఎక్కడ ఆగినా ముందు అమ్మకు ఫోను, తర్వాతే భోజనం. తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురంలో ఆగి అమ్మకు పూతరేకులు కొనకుండా ఇల్లు చేరిన ఏడాది లేదు.

ఈసారి తిరుగు దారిలో ఆత్రేయపురం దాకా రాలేదు. తెల్లవారుజామున, అంబాజీపేట దగ్గర కాలువ గట్టు రోడ్డు మీద ఏదో బండి కొట్టి ఆగకుండా పోయింది.

వెనకాలే అంబాజీపేట మార్కెట్టుకు కొబ్బరికాయల లోడుతో ఒక ట్రక్కు ఆటో వస్తోంది. నడిపే అబ్బాయికి పాతికేళ్లు ఉంటాయేమో. 108కి ఫోను చేస్తే బండి వేరే చోటికి వెళ్లింది, కాసేపు ఆగమన్నారట. ఆగలేదు. తాళ్లు విప్పి, కాయలన్నీ గట్టు మీద పారబోసి, గోనె సంచులు పరిచి నాన్నగారిని పడుకోబెట్టాడు. ఆ కాయలు అతనివి కావు, షావుకారువి. అతను కిరాయికి తోలేవాడు. సైకిలుకు కట్టిన అట్ట మీద అన్నయ్య నంబరు చూసి మాకు చెప్పింది కూడా అతనే.

మేము వెళ్లేసరికి నాన్నగారు లేరు. ఆ అబ్బాయి ఆస్పత్రిలో పోలీసుల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఫోను లాక్కున్నారు. గుద్దింది నువ్వేనా అని మార్చి మార్చి అడుగుతున్నారు. పొద్దు వాలే దాకా వదల్లేదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేర్చిన 134ఏ సెక్షను ఉంది. దాని కింద 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం, ప్రమాదంలో పడ్డవారికి సాయం చేసినవారిని పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. ఆ హక్కులు రాసిన బోర్డు తెలుగులో కూడా ప్రతి ఆస్పత్రి గుమ్మం దగ్గరో, అందరికీ కనబడే చోటో ఉండాలి. నేను గుమ్మం చుట్టూ వెతికాను. ఎప్పటిదో చిరిగిన పల్స్ పోలియో కాగితం ఉంది, ఆ బోర్డు లేదు. గుద్దినవాడు హాయిగా పోయాడు, ఎత్తుకొచ్చినవాడికి విచారణ! ఆచూకీ తెలియని బండి గుద్ది చనిపోతే రెండు లక్షల పరిహారం ఇస్తారని చెబుతున్నారు. దానికి కావలసిన కాగితాల జాబితా చూస్తే నాన్నగారే నవ్వేవారు.

వదిలాక ఆ అబ్బాయి ఎవరినీ ఒక్క మాట అనలేదు. నాన్నగారి గుడ్డసంచి అన్నయ్య చేతిలో పెట్టి, “చందా డబ్బులండి, లెక్క చూసుకోండి” అని వెళ్లిపోయాడు. రసీదు పుస్తకంతో సరిచూస్తే రూపాయి తేడా లేదు.

మళ్లీ నిన్న వచ్చాడు. పందిరి బయటే నిలబడితే నేను వెళ్లి పిలిచాను. అప్పుడు చెప్పాడు: “పెద్దాయన ఆటోలో మాట్లాడారండి. కాయలు ఎవరివి బాబూ, ఎవరైనా పట్టుకుపోతారు, నన్ను దింపేసి నువ్వు వెనక్కి వెళ్లు అన్నారండి.”

అది నాన్నగారి మాటే. వేరెవరూ అనరు. అప్పటిదాకా వచ్చినవాళ్లకు మంచినీళ్లిస్తూ, కుర్చీలు సర్దుతూ బాగానే ఉన్నాను. అక్కడే నేల మీద కూలబడిపోయాను. అతనికి ఏం చేయాలో తోచక, “ఒక్క కాయ కూడా పోలేదండి, నిజంగా పోలేదండి” అని పదే పదే చెబుతున్నాడు. డీజిలు డబ్బులిస్తే తీసుకోలేదు. మధ్యాహ్నం లోడు ఉందని మొదటి పంక్తిలో కూర్చుని, గబగబా తిని వెళ్లాడు. పేరు రాయవద్దన్నాడు, రాయను. బాబూ, మా నాన్నగారు చివరిసారి మాట్లాడింది నీతో. ఆ మాట మాకు తెచ్చిచ్చావు.

అన్నయ్య, వదిన, బాబాయిలు, మావారు అన్నీ చూసుకున్నారు. మనలో మనకు కృతజ్ఞతలేమిటని బాబాయి కోప్పడతాడు కాబట్టి ఇంతటితో సరి.

సంచిలోని డబ్బు, నాన్నగారి పేరున మీరు పంపినది కలిపి పిల్లలకే వెళుతుంది. రసీదులు అన్నయ్య రాస్తాడు.

అయ్యో, అసలువాళ్లనే మరిచాను. కాయలు పోకుండా కాపలా కాసిన లాకుల దగ్గరి టీ కొట్టు ఆయన. అమ్మ పక్కన కూర్చుని బలవంతాన మజ్జిగ తాగించిన నర్సమ్మ. అద్దె తీసుకోని టెంటు హౌసువాళ్లు. సైకిలు చక్రం సరిచేసి ఇంటికి తెచ్చిన మా వీధి మెకానిక్కు. వడ్డించిన కుర్రాళ్లందరూ. ఇంకా ఎవరినైనా వదిలేస్తే ఏమీ అనుకోకండి. ఎవరివో రెండు పెద్ద ఇత్తడి గంగాళాలు మా పెరట్లో ఉండిపోయాయి, వచ్చి తీసుకెళ్లండి.